పిన్ని తొట్టెకి బలం

మా బాబాయి గాలిని బస్తాల్లోకి ఎక్కిస్తాడు. ఎరువుల ఫ్యాక్టరీలో పని. గాలిలో ఊరికే తిరిగే నత్రజనిని పట్టి, యూరియా చేసి, పొలాలకు పంపుతారు. "లోకానికి అన్నం పెట్టేది మేమే" అని కాలరు ఎగరేస్తాడు. అందులో అబద్ధం లేదు, చిక్కంతా అక్కడే.

పిన్నిది మురుగునీటి శుద్ధి కేంద్రం. ఆ యూరియాతో పండింది తిని ఊరు వదిలిందంతా ఆవిడ తొట్టెలోకే వస్తుంది. తొట్టెలోని సూక్ష్మజీవులు అందులో నత్రజనిని విడదీసి మళ్లీ గాలిలో కలుపుతాయి. ఆయన దించిందే ఆవిడ ఎక్కిస్తుంది, ఇద్దరికీ జీతాలు! పొలాల్లో మిగిలింది మాత్రం వానకు కొట్టుకుపోయి చెరువుల్లో, సముద్రాల్లో పడి నీళ్లను పచ్చగా కుళ్లబెడుతోంది. ప్రపంచమంతటా ఇదే వరస. పోసేవాళ్లే తప్ప తీసేవాళ్లేరి?

పిన్నికి ఆ తొట్టె ప్రాణం. ఈసారి పరీక్షలో నీళ్లు తప్పితే దాన్ని కాంట్రాక్టరుకు అప్పగించి, తనను ఆఫీసు కౌంటరులో కూర్చోబెడతామని పైవాళ్లు ముందే చెప్పారు. పరీక్ష ముందురోజు భోజనాల దగ్గర దిగులుపడింది.

"తొట్టెలో నా పిల్లలు, ఆ సూక్ష్మజీవులు, ఆకలితో నీరసించిపోయాయండీ. వాటికి..."

మిగతా మాట వినే ఓపిక బాబాయికి ఏనాడూ లేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, పిన్ని కంటే ముందే, స్కూటరు మీద రెండు బస్తాల యూరియా వేసుకెళ్లాడు. "మేడంగారి భర్తనయ్యా" అని గేటు తీయించి, రెండూ తొట్టెలో కుమ్మరించి, ఈల వేసుకుంటూ డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం అధికారులు వచ్చేసరికి ముక్కు పగిలే అమ్మోనియా వాసన. పిన్నికి అది కొత్త కాదు, పెళ్లయినప్పటి నుంచీ బాబాయి చొక్కాలు ఉతుకుతోంది. ఎవరి పనో తెలిసీ అధికారులకు భర్త పేరు చెప్పలేదు. పరీక్ష తప్పింది.

సాయంత్రం బాబాయి హుషారుగా అడిగాడు. "ఏమోయ్, పిల్లలు కోలుకున్నాయా?"

"మీరు పోసింది తిండి కాదండీ, అవి విడదీయాల్సిన చాకిరీ. వాటికి కావాల్సింది కాస్త పంచదార. ఆ మాట చెప్పేలోపే లేచిపోయారు."

"బలానికని పోశాను కదే!"

"పొలాల్లోనూ అలా అనేగా పోయిస్తున్నారు," అని పిన్ని చెంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

ఇప్పుడు పిన్ని కౌంటరులో కూర్చుని, చెరువు నుంచి వచ్చే కుళాయి నీళ్లు కంపు కొడుతున్నాయన్న ఫిర్యాదులు రాసుకుంటోంది. ఫ్యాక్టరీలో ఇంకో యూనిట్ తెరిచి బాబాయిని సూపర్‌వైజర్ చేశారు. తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

బాబాయి మాత్రం ఆ రోజు నుంచి చప్పటి కాఫీ తాగుతున్నాడు. తన వంతు పంచదార పొట్లం కట్టి, తొట్టెలో వేయమని గేటు దగ్గర కాంట్రాక్టరుకు ఇచ్చి వస్తాడు. కాంట్రాక్టరు దాన్ని టీలో వేసుకుంటాడు.