కోటదిబ్బ మీద ఒక ఆదివారం

తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజరు ఎక్కేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. రాత్రంతా ఉక్క. నిద్ర పట్టలేదు. కిటికీ పక్కన చోటు దొరికింది కదా అని తల ఆనిస్తే, బండి కదిలాక చువ్వ నుదుటికి కొట్టుకుంటూనే ఉంది. సంచిలో నీళ్ళసీసా, తువ్వాలు, గ్రంథాలయం పుస్తకంలోంచి తీయించిన కొన్ని పేజీల జిరాక్సు ఉన్నాయి.

ఈ ప్రయాణానికి కారణం ఆ పేజీలే. నేను బట్టల కొట్లో గుమాస్తాను. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తర్వాత చదివిందంతా మా శాఖా గ్రంథాలయం బల్ల దగ్గరే. ఈమధ్య ఒక సాయంత్రం పోలయ్య అనే మనిషి అక్కడికి వచ్చాడు. నిజాంపట్నం అవతల ఒక మత్స్యకారుల పల్లెకి పెద్ద. వాళ్ళ ఊరికీ సముద్రానికీ మధ్య కోటదిబ్బ అని ఉందట. రొయ్యల చెరువుల గట్లకని దాన్ని తవ్వి ట్రాక్టర్లతో తోలుకుపోతున్నారట. బాపట్ల కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకునేటప్పుడు, అది నిజంగా పాత కోటే అని తెలిసినవాళ్ళెవరైనా రాసిస్తే తవ్వకం ఆపించవచ్చని ఎవరో చెప్పారట. "కోట మీద పుస్తకం ఏదన్నా ఉందాండి?" అని పోలయ్య అడిగితే, లైబ్రేరియన్ పుస్తకం తీయకుండా నా వైపు వేలు చూపించాడు. కాదనడానికి నాకు మనసొప్పలేదు. అన్నేళ్ళ చదువుకి మొదటిసారి ఒకరు పనిబడి వచ్చారు.

ఆ కోట గురించి నేను చదివింది ఇదీ. హాలండు వర్తకులు, వాళ్ళ వెనకే ఇంగ్లీషువాళ్ళు నిజాంపట్నంలో దిగి మన నేతబట్టలు కొన్న సంగతి చాలామందికి తెలుసు. సరుకు ఓడలున్నచోటికి దొంగ ఓడలూ వస్తాయి. అవి ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి లోపలికి రాకుండా గోల్కొండ పాలకులు ఒక చిన్న కోట కట్టారు. రాతి పునాది, ఇటుక గోడలు, మూలమూలకీ బురుజు, సముద్రం వైపు ఫిరంగులు. అది వారి చేతిలోంచి మొగలాయిలకి, నిజాముకి, చివరికి కుంపిణీకి పోయింది. తీరమంతా కుంపిణీదే అయ్యాక కోటకి శత్రువు లేకుండా పోయాడు. ఫిరంగులు దించి పట్టుకుపోయారు. కొన్నాళ్ళు సుంకం బంట్రోతులు కాపురమున్నారు. కొన్నాళ్ళు ఉప్పు నిలవ చేశారు. అక్కడితో పుస్తకం కోటని వదిలేసి వరి పంటలోకి వెళ్ళిపోతుంది.

ఎదుటి సీట్లో చెరుకుపల్లి రైతు ఒకాయన నా చేతిలో కాగితాలు చూసి, "కోర్టు పనా బాబాయ్?" అన్నాడు. పాత కోట చూడ్డానికి వెళ్తున్నానన్నాను. "చూడ్డానికని మేం తెనాలి వస్తాం. మీరేంటండి, ఇటొస్తున్నారు?" అని నవ్వి, పక్కకి తిరిగి హాయిగా నిద్రపోయాడు. నాకు ఆ నిద్ర చూసి ఈర్ష్య కలిగింది.

రేపల్లె బస్టాండు దగ్గర టిఫిన్ చేశాను. ఇడ్లీ బాగుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంది. నిజాంపట్నం బస్సు మాత్రం రావలసిన వేళకి రాలేదు. వచ్చాక గంటకి పైగా నిలబడే ప్రయాణం. హార్బరు దగ్గర దిగి షేర్ ఆటో ఎక్కితే, ఖాళీ చేపల గంపలతో నలుగురు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కున్నాను.

"సారు రొయ్యల కంపెనీయా?" అంది ఒకావిడ అనుమానంగా.

"కాదమ్మా. కోటదిబ్బ చూద్దామని, తెనాలి నుంచి."

"ఇసకదిబ్బ చూట్టానికి తెనాలి నుంచా! నయం. మా ఆయన గుమ్మం ముందున్నా ఎక్కడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇసకదిబ్బ అన్న మాట మనసులో కొంచెం గరగరలాడింది.

ఊళ్ళో దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. పోలయ్య రోడ్డు దాకా ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, వలలు లాగి లాగి భుజాలు ముందుకి వంగాయి. మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా దిబ్బ మీదికి తీసుకెళ్ళాడు. దిబ్బ నేననుకున్నదానికంటే పెద్దది. ఇటు ఊరు, అటు సరుగుడు తోట, ఆ అవతల సముద్రం.

"ఇదేనండి బురుజుమూల. అదుగో, అది ఫిరంగిమెట్ట. ఆ కింది ఇళ్ళ వరస కోటవీధి," అని పోలయ్య ఒక్కొక్కటే చూపించాడు. నా ఒళ్ళు పులకరించింది. పుస్తకంలో చదివిన మాటలు ఒక మత్స్యకారుడి నోట, నేల మీద వేలు పెట్టి చూపిస్తుంటే వినడం మామూలు సంగతి కాదు. జిరాక్సు తీసి అతనికి చదివి వినిపించాను. "అంతేనండి, అంతేనండి" అంటూ తల ఊపాడు.

తర్వాత ఇటుక కోసం వెతకడం మొదలుపెట్టాను. చెప్పుల్లో ఇసుక దూరి కాళ్ళు కాలుతున్నాయి. బురుజుమూలలో లేదు, ఫిరంగిమెట్టలో లేదు. ట్రాక్టర్లు తవ్వినచోట దిబ్బ నిలువునా తెగి, కేకు ముక్క కోసినట్టు ఉంది. పైనుంచి కింది దాకా పొరలన్నీ ఇసుకే. సున్నం లేదు, రాయి లేదు, బొగ్గు నుసి లేదు. మనిషి చెయ్యి పడిన గుర్తే లేదు. గాలీ సముద్రమూ పోసిన దిబ్బ అది. పైగా పుస్తకం ప్రకారం కోట గోడ మీది ఫిరంగి ఏటి మొగకి అందాలి. ఇక్కణ్ణుంచి చూస్తే మొగ ఎక్కడో కనుచూపు చివర ఉంది.

"లోపలుంటదండి, ఇంకా కిందకి," అన్నాడు పోలయ్య. నేను చెప్పులు విప్పి ఇసుక దులుపుకున్నాను. ఇక వెతకడానికి ఓపిక లేదు.

భోజనం వాళ్ళింట్లోనే. పోలయ్య తల్లి ఆదెమ్మ కానాగంత చేపల పులుసు వడ్డించింది. వాళ్ళు ముందుగా రాసి ఉంచిన అర్జీ కాగితం గోడకి ఆనించి ఉంది, నేను రాసే ముక్క కోసం కింద ఖాళీ వదిలారు. తింటూ, మాటవరసకి, ఊరు ఎన్నాళ్ళ నుంచి ఇక్కడుందని అడిగాను.

"మా అత్త కాపరానికొచ్చిన ఊరు ఇది కాదు బాబూ," అంది ఆదెమ్మ. తలుపులోంచి దిబ్బ అవతలికి చెయ్యి చాచింది. "దిబ్బెక్కి చూత్తే అల తెల్లగా ఇరుగుతంటదే, ఆడుండేది. సముద్రం కోసుకుంటా వచ్చింది. మేం జరుక్కుంటా వచ్చాం. జరిగినప్పుడల్లా గంగమ్మ రాయినీ, ఈదుల పేర్లనీ ఎంట తెచ్చుకుంటాం."

"పేర్లెందుకమ్మా?"

"అదేంటి బాబూ! పోయిన పెద్దల్ని పిలిచి మెతుకు పెట్టే రోజున ఆళ్ళకి ఇల్లు తెలవద్దా? కోటీదిలో పలానోడి ఇల్లంటే వత్తారు. పేరు మార్చేస్తే ఎక్కడని ఎతుక్కుంటారు?"

బురుజుమూల, ఫిరంగిమెట్ట కూడా అలా వెంట వచ్చిన పేర్లేనన్నమాట. "మరి కోట?"

"ఆణ్ణే ఉంది. కోటని ఎత్తుకొస్తామా ఏంటి!" ఆదెమ్మ నోరారా నవ్వింది. "ఆ రాళ్ళకి తగిలితే వల చినిగిపోద్ది. మా వోళ్ళు కోటరాళ్ళని ఆమడ దూరం తప్పుకుపోతారు."

పోలయ్య తినడం ఆపేశాడు. "ఆ రాళ్ళు నాకూ తెలుసండి. కోట సగం అక్కడా సగం ఇక్కడా ఉందనుకున్నా," అన్నాడు.

చేతులు కడుక్కున్నాక అతను అర్జీ తీసి నా ముందు పెట్టాడు. "అమ్మ మాట వదిలెయ్యండి. మీరు చదువుకున్నోరు. ఇదే కోటని ఒక్క ముక్క రాయండి సారూ."

"ఒక్క ఇటుక ముక్కయినా లేకుండా ఎలా రాయను పోలయ్యా?"

"ఇటుకలే కావాలంటే తెచ్చి పూడ్చిపెడతాం," అన్నాడు. హాస్యానికి అనలేదు. "మొన్న తుపానుకి అల ఈ దిబ్బని కొట్టి ఎనక్కి పోయింది. పాకలెగిరిపోయినా మనుషులం మిగిలాం. అది ఇసకయితేంటి, ఇటుకయితేంటి?"

"సముద్రంలో మునిగిన కోటకయితే సర్కారోళ్ళ కాపలా కావాలంట," అంది ఆదెమ్మ, గిన్నెలు తీస్తూ. "మమ్మల్ని కాసే దిబ్బకి వద్దంటా?"

నేను చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఇదే కోట అని రాయడం తేలికే. రాస్తే ఈ మనుషులు నన్ను బస్సు దాకా మోసుకెళ్తారు. కానీ నేను చదువుకున్నది ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. అది కూడా వదులుకుంటే నా దగ్గర ఇంకేమీ మిగలదు. చివరికి ఇలా రాశాను: పాత కోట ఈ దిబ్బ కాదు. అది ఇప్పుడు సముద్రంలో ఉంది. ఆ కోట పక్కన బతికిన జనం, వాళ్ళ వీధుల పేర్లతో సహా, ఇక్కడున్నారు. కోట కాపాడింది వర్తకుల సరుకుని. ఈ జనానికి తీరంలో ఉన్న రక్షణ ఈ ఇసుకదిబ్బ ఒక్కటే. దాన్ని తవ్వినచోటు నేను కళ్ళారా చూశాను. కింద సంతకం చేసి, తెనాలి చిరునామా రాశాను.

పోలయ్య నాచేత పైకి చదివించుకున్నాడు. "అయితే కోట లేదనే రాశారు."

"లేదనే రాశాను. దిబ్బ కావాలనీ రాశాను."

"ఆళ్ళు మొదటి ముక్క చదివి ఆపేత్తారండి," అన్నాడు. అయినా కాగితం చింపలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "రేపు సోమవారమేగా, బాపట్లలో ఇచ్చి చూత్తా," అన్నాడు. నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా రాలేదు.

రేపల్లె బస్సు తప్పిపోయింది. బాపట్ల వైపు వెళ్ళేది దొరికితే ఎక్కి, వెనక చక్రం మీది సీట్లో కూలబడ్డాను. దారికి రెండు వైపులా రొయ్యల చెరువులే, నీళ్ళు చిమ్మే చక్రాలు ఆగకుండా తిరుగుతున్నాయి. ఎదురుగా ఇసుక ట్రాక్టరు వస్తే మా బస్సు పక్కకి ఒదిగింది. "ఆదివారం కూడా సెలవు లేదండి వీళ్ళకి," అన్నాడు కండక్టరు. బాపట్ల స్టేషన్లో టీ తాగి తెనాలి బండెక్కాను. కాళ్ళు చెప్పుల్లోంచి తీస్తే ఇంకా ఇసుక రాలింది. నిజం రాసి వస్తున్నానన్న తృప్తి రావలసింది. రాలేదు. పోలయ్య జేబులో నా కాగితం ఉందనీ, రేపు దాన్ని ఎవరో మొదటి ముక్క దాకా చదువుతారనీ మాత్రమే గుర్తొస్తోంది. మొదటి ముక్కగా దిబ్బని రాసి, కోటని తర్వాత రాసి ఉండవలసింది. ఈ సంగతి చీరాల నుంచి బట్టల మూటలతో వస్తున్న పక్క ప్రయాణికుడికి చెబితే, "ఫోన్ చేసి ఇంకోటి రాసి పంపుతానని చెప్పండి మాస్టారూ, దానికేముంది," అన్నాడు. చేశాను. పోలయ్య ఎత్తలేదు. సముద్రం మీదికి వెళ్ళి ఉంటాడు. కొత్త కాగితం రాసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. రేపు కొట్టుకి సెలవు పెట్టి మొదటి బండికి మళ్ళీ బాపట్ల వెళ్ళాలి. తలచుకుంటేనే నడుం లాగేస్తోంది.

వెళ్ళదలచినవారికి: పల్లెలో హోటలు లేదు, గొడుగూ నీళ్ళూ తీసుకెళ్ళండి. దిబ్బ ఎక్కి, సరుగుడు తోట మీదుగా, అల తెల్లగా విరిగేచోటు చూడండి. కోట అదే. అది ఎక్కడికీ పోదు, ఎప్పుడు వెళ్ళినా ఉంటుంది. దిబ్బ ఎక్కాలనుకుంటే మాత్రం త్వరగా వెళ్ళండి.