అట్టల కింద మగ్గం

2022 వేసవి. కర్నూలులో మధ్యాహ్నం పూట రోడ్డు మీద కుక్క కూడా కనపడని రోజులు. ఇళ్లకూ గోదాములకూ వేడి తగలకుండా చేయడం నా వృత్తి. ఈ సీమలో ఆ పనికి కొదవ లేదు. గోడను రెండు వరుసల ఇటుకతో కట్టి, నడుమ వదిలిన సందులో గట్టి నురుగు అట్టలు నిలబెడతాం. ఆ గోడ పేరు క్యావిటీ వాల్, అట్ట పేరు ఎక్స్‌పీఎస్ బోర్డు. మనం చూసే థర్మాకోల్‌కు ఇది అన్నలాంటిది, మనిషి ఎక్కి నిలబడినా అణగదు. అందుకే నేల కింద కూడా పరిచి, పైన కాంక్రీటు పోస్తాం.

కోడుమూరులో బసవరాజు అనే ఆయనకు అలాంటి గది ఒకటి చేసిచ్చాను. పట్టుపురుగు పిల్లలను పెంచి రైతులకు అమ్మే వ్యాపారం అతనిది. ఆ పిల్లలకు ఎండా గిట్టదు, చలీ గిట్టదు, పెళ్లివారి కంటే ఎక్కువ మర్యాదలు చేయాలి. అంతకుముందు అది మగ్గం గది. తండ్రి రుద్రప్ప జీవితమంతా అక్కడే గుంత మగ్గం మీద చీరలు నేశాడు. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని పలకలు తొక్కుతూ నేసే మగ్గం అది. ఆయన పోయాక మగ్గం విప్పేశారు, నేను గది కట్టించాను. పురుగులకు ఆకు వేసే పని తల్లి పార్వతమ్మ చూసుకునేది.

కొన్ని నెలలకు ఆమె ఫోన్ చేసింది.

"ఏమప్పా, నువ్వు పరిచిన అట్టల కింద మా ఇంటాయన నేస్తాండాడు."

సరిగా విన్నానో లేదో అనుకున్నాను. "ఎవరు పెద్దమ్మా?"

"మా ఇంటాయనప్పా! కరెంటు పోతే చాలు, మొదలుపెడతాడు. వచ్చి విను."

ఇంతలో బసవరాజు ఫోన్ అందుకున్నాడు. "అన్నా, ఏమనుకోవద్దు. నాయిన పోయిన దిగులుకు అమ్మ ఇట్ల అంటాండాది. డాక్టరుకు చూపించినా, మాత్రలు ఇచ్చినాడు. అవి మింగితే చేతులు వణుకుతాండాయి. మొన్న పురుగుల తట్ట జారవిడిచింది. ఇంక ఆ గదిలోకి పోవద్దని చెప్పినా."

వెనక నుంచి ఆమె అరుపు వినపడింది. "నాకు పిచ్చి లేదురా! ఆ పని గూడా తీసేస్తే నేను మంచం పట్టుకోని సావల్లా?"

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు గానీ, వదులైన అట్టల మీద మహా నమ్మకం. నేల చప్పుడు చేస్తోందంటే కింద ఏదో కదిలినట్టే. మరునాడు బండేసుకుని పోయాను.

గదిలోకి పోయి తలుపు వేస్తే బయటి లోకం ఆగిపోయినట్టు ఉంటుంది. అట్టలే చప్పుడును ఆపుతాయని జనం అనుకుంటారు. కాదు, ఈ గట్టి రకం ఆపేది వేడిని. చప్పుడును ఆపేది రెండు వరుసల ఇటుక, బిగుతైన తలుపు. లోపల ఏసీ హోరు ఒక్కటే ఉంది. పార్వతమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. నేను మోకాళ్ల మీద కూచుని చెక్క సుత్తితో నేలంతా తట్టుకుంటూ వచ్చాను. అట్టల మీది నేల ఎక్కడ తట్టినా ఒకేలా మెత్తగా పలకాలి. ఉత్తరం మూలలో మాత్రం కుండ మీద తట్టినట్టు పలికింది. ఇదేంటబ్బా అనుకుంటూ ఉండగానే కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. ముందు పురుగులు ఆకు నమిలే సన్నని చప్పుడు. తర్వాత కింది నుంచి, టక్ టక్. కాస్త ఆగి, మళ్లీ టక్ టక్.

పార్వతమ్మ నా ముఖమే చూస్తోంది. "విన్న్యావా? ఆయప్పకు మోకాలు అరిగిపోయుండె. రెండు దెబ్బలు ఏసి, కాలు మార్చుకోను ఆగుతాండె. పెండ్లయినప్పటి నుంచి విన్న్యా, నాకు తెలీదా?"

నేల మీద అరచెయ్యి పెట్టాను. ఆ దెబ్బ చేతికి తగిలింది. చెప్పుకోడానికి సిగ్గెందుకు, నా ఒళ్లు జలదరించింది. గోడలు నావి, నేల నాది, లోపల ఏ అట్ట ఎక్కడుందో తెలిసినవాణ్ణి. అయినా ముందు తలుపు తీసి వెలుగు రానిచ్చాను.

బయటికి రాగానే బసవరాజుతో అన్నాను. "మీ అమ్మకు ఏ పిచ్చీ లేదు. నాకూ వినపడింది." ఆ మాటకు ఆమె గడప మీదే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పాపం, అన్నాళ్లు ఎంత ఉగ్గబట్టుకుందో.

ఆ నేల చదును చేసిన మేస్త్రీ మద్దిలేటి అదే ఊరివాడు. పిలిపించి గుంతను దేంతో పూడ్చావని అడిగాను.

"పూడ్చలేదన్నా. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కే తావు. దాంట్లో ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఎట్ల పోస్తా? మా నాయినదీ మగ్గమే. మందం నాపరాయి మూసి, పైన మీ అట్టలు పరిచినా."

అంటే కింద గుంత ఖాళీగా ఉంది. సరే, ఖాళీ గుంత పలుకుతుంది, కానీ కొట్టేదెవరు?

ఉత్తరం గోడ అవతల ఎవరున్నారని అడిగితే వీరేశు అన్నారు. గది కట్టాకే ఆ ఇంటికి అద్దెకొచ్చిన నేతగాడు. పోయి చూస్తే గోడ పక్కనే అతని గుంత మగ్గం. వీధిలో ఇంకా మగ్గాలు ఉన్నాయి కాబట్టి బయట ఆ చప్పుడును ఎవరూ పట్టించుకోలేదు. రెండు గుంతలకూ నడుమ ఉన్నది మట్టే. అతని మగ్గం దెబ్బ మట్టిలో నుంచి ఈ ఖాళీ గుంతకు చేరి, నాపరాయి కింద మోగుతోంది. గాలిలో వచ్చే చప్పుడును గోడ ఆపేసింది కాబట్టి అది పాతాళం నుంచి వచ్చినట్టు ఉంది. ఏసీ హోరులో అదీ వినపడదు.

తల్లినీ కొడుకునూ గదిలో నిలబెట్టి ఏసీ ఆపించి, వీరేశును నేయమన్నాను. నేస్తే మోగింది, ఆపితే ఆగింది. బసవరాజు తల్లి దగ్గరికి పోయాడు. "నన్ను మన్నించమ్మా" అని ఆమె చేతులు పట్టుకున్నాడు.

నాకు మాత్రం ఒకటి మింగుడు పడలేదు. వీరేశు పాతికేళ్లవాడు, రాయిలాంటి కాళ్లు. రెండు దెబ్బలకోసారి ఎందుకు ఆగుతున్నాడు? అదే అడిగాను.

"మామ దగ్గరే నేర్చుకున్న్యా సార్. రుద్రప్ప మామ ఆగుతాండె. పని అంటే అట్లే చేయల్లేమో అనుకున్న్యా. మోకాలు నొప్పని నాకెవరు చెప్పినారు? ఇప్పుడు ఆగకుండా నేయాలన్నా చేతకాదు."

పార్వతమ్మ అతని తల నిమిరింది. డాక్టరు సంగతంతా విని, మెల్లగా మాత్రలు మాన్పించాడు. నేను గుంత పూడ్పిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. రాయి గట్టిదే, వదిలేశాను.

రెండేళ్లకు నేత గిట్టుబాటు కాక వీరేశు మగ్గం విప్పేసి బెంగళూరు పోయాడని తెలిసింది. ఆ దారిన పోతూ వాళ్లింట్లో దిగాను. పార్వతమ్మ చేతులు వణకడం లేదు, చకచకా ఆకు తరుగుతోంది.

"ఇప్పుడు గదిలో నిశ్శబ్దమేనా పెద్దమ్మా?"

తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "చెప్తే మళ్లా మాత్రలు మింగమంటారప్పా."

నేను లోపలికి పోయి, ఏసీ ఆపి, ఆ మూల నేలకు చెవి ఆనించాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. విన్నామని ఎవరైనా అంటే, ఏమీ లేదనే ముందు వంగి వినాలి. చాలాసేపు విన్నాను. పురుగులు ఆకు నములుతున్నాయి, అంతే.

"నాకేం వినపడలేదు పెద్దమ్మా."

ఆమె ఫక్కున నవ్వింది. "నీకెట్ల వినపడుతుందప్పా? ఆయప్పతో కాపురం చేసింది నేనా, నువ్వా?"

నేనూ నవ్వాను. కానీ గది దాటేటప్పుడు ఆ మూల తొక్కకుండా, పక్కగా జరిగి వచ్చాను.