ఓకెన్‌షా గడ్డం

యార్క్‌షైర్ కొండమీది ఓకెన్‌షా పల్లె పేరే ఇంటిపేరుగా ఉన్నవాళ్లంతా ఏటా ఆకులు రాలే రోజుల్లో అక్కడి హాల్లో కలుస్తారు. టోపీ చంకలో పెట్టుకుని, కొత్తగా పుట్టిన ప్రతి బిడ్డ గడ్డాన్నీ మొరటు వేలితో ఎత్తి "మన గడ్డమే!" అని తేల్చేది వాల్టర్. వంశంలో పెద్దవాడిగా అల్లం కేకు కోసేదీ ఆయనే. ఈసారి ఆ ఇంటిపేరున్న మగవాళ్లంతా డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నారు. ఆ ఉబలాటమూ వాల్టర్‌దే. అందరి తండ్రుల వరసా ఒకటేనని తేలింది, ఒక్క వాల్టర్‌ది తప్ప. ఏ ముత్తాత కాలంలోనో వేరే రక్తం కలిసిందట. ఆ రోజు ఆయన కత్తి ముట్టుకోకుండా పోయి అల్లుళ్లు కూర్చునే బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు.

"ఏరా, టీ చల్లారిపోతోంది, కేకు కొయ్యవేం?" అంది పెద్దమ్మ హిల్డా.

"నాలో ఈ ఇంటి రక్తం లేదట పెద్దమ్మా."

"నాలో మాత్రం ఉందేంట్రా? మీ పెదనాన్నను కట్టుకుని వచ్చినదాన్ని. ఇన్నేళ్లుగా ఈ పేరు మొయ్యడంలా? నన్నూ ఆ బల్ల దగ్గరికే పొమ్మంటావా?"

హాలంతా గొల్లున నవ్వింది. వాల్టర్ లేచి కేకు కోసి, ఆమెకిష్టమైన అంచు ముక్క ముందుగా ఆమెకే ఇచ్చాడు. తర్వాత చేతులు తుడుచుకుని, బుట్టలో పడుకున్న పసిదాని గడ్డం ఎత్తి చూశాడు.

"సందేహమే లేదు, మన గడ్డమే!" అన్నాడు.