ఇది ఇల్లు కాదులే, ఎక్కు

పోయిన సోమవారం పొద్దున పామిడి నుంచి ఒక టీ అంగడి అతను ఫోన్ చేశాడు. "అమ్మా, వ్యాను టీచరమ్మ మీకేమైతుంది?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే, "టీ తీసుకొని పోతి. స్టీరింగు ముందర కూర్చోనే ఉండాది. పిలిస్తే పలకల. తలుపుకు లోపలి పక్క మీ నంబరు రాసి ఉండాది" అన్నాడు. నేను "ఏ వ్యాను?" అన్నాను. మా వైపు అలా చెప్పుకునే వ్యాను ఒక్కటేనని తెలిసి కూడా అడిగాను. ఒక్క నిమిషమైనా అది ఇంకెవరిదో కావాలనిపించింది.

రత్నమ్మ టీచరు ఇక లేదు. వయసు అరవై నాలుగు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. గార్లదిన్నె మండలంలోని బడిలో ఆమె సైన్సు చెప్పేది, నేను తెలుగు చెప్పేదాన్ని. పదహారేళ్ళు ఒకే బల్లకు చెరొకవైపు కూర్చున్నాం. అక్కా అని పిలిచేదాన్ని కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ఆమె దగ్గర చదివినవాళ్ళు, ఆ తెల్ల వ్యానును చూసి నవ్వినవాళ్ళు, అందులో కూర్చుని టీ తాగినవాళ్ళు ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఉంటారు. ఆమె అందులోకి ఎందుకు చేరిందో మాత్రం అందరికీ తెలియదు.

అక్క రిటైరైన ఏడాదే ఆమె భర్త గంగప్ప అన్న పోయాడు. రైతుల టమాటాలను తన వ్యానులో అనంతపురం మార్కెట్టుకు తోలేవాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతూ ఇంట్లోనే కూలిపోయాడు. పంచాంగం చూసిన అయ్యవారు నక్షత్రం మంచిది కాదన్నాడు. ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలన్నాడు. అంటే అందులో ఎవరూ ఉండకూడదు, పొయ్యి వెలగకూడదు. మా వైపు ఈ పట్టింపు ఇంకా గట్టిగానే ఉంది. కర్మల దివసాలు కాగానే తాళం వేసి, గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టారు.

నక్షత్రాలు ఎంత దూరంలో ఉంటాయో ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన మనిషి, కంప పెడుతుంటే పక్కన నిలబడి చూసింది. "నువ్వు కూడా ఒప్పుకుంటివా అక్కా?" అన్నాను.

"నాకేం భయం లేదు సుజాతా. రేపు ఊర్లో ఎవరి బిడ్డకన్నా జరమొస్తే ఆ తల్లి నా ఇంటి పక్కే చూస్తాది. ఆయమ్మకు నేనేం చెప్పాల? చుక్క ఈడికి ఎన్ని మైళ్ళో చెప్పాల్నా?"

ఇల్లు మూతపడింది. కొత్తగా భర్త పోయిన మనిషి ఏడాది తిరిగేదాకా ఇతరుల గడప తొక్కకూడదన్న పట్టింపు ఇంకొకటి ఉంది. వాళ్ళకు పిల్లలు లేరు. అక్క తమ్ముడు కొత్తచెరువులో ఉంటాడు. అప్పుడే అతని కూతురికి పెండ్లి కుదిరింది. "పెండ్లి కానీక్కా, నేనే వచ్చి పిలుచుకొని పోతా" అన్నాడు. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉండేది. అక్కకు ఆ సంగతి తెలుసు.

"మా అత్త ఒప్పుకోదక్కా, పాతకాలం మనిషి" అన్నాను. అక్క తల ఊపింది. ఇప్పుడు దాచి లాభం లేదు. నేను మా అత్తను అడగనే లేదు. ఆమె కాదంటుందని కాదు, సరేనంటుందేమోనని అడగలేదు. అప్పుడు మా అమ్మాయి కడుపుతో మా దగ్గరే ఉంది. బడిలో మూఢనమ్మకాల మీద వ్యాసరచన పోటీలు పెట్టినదాన్ని. భయం మాత్రం నాదే.

ఆ వారమే అక్క గంగప్ప అన్న వ్యానులో చేరింది. గార్లదిన్నెలో వెల్డింగు అతను ఒక ఇనుప మంచం, రెండు నీళ్ళ డ్రమ్ములకు పట్టీలు బిగించి ఇచ్చాడు. ఒక చిన్న గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు, ఒక పుస్తకాల పెట్టె పెట్టుకుంది. ఎండాకాలంలో పైకప్పు పెనంలా కాగేది. గోనెపట్టాలు తడిపి పైన పరిచేది. నీళ్ళు మాత్రం ఎవరో ఒకరి బోరు దగ్గర అడిగి పట్టుకోవాలి. "ఆడపిల్లలకు మొహమాటం ఉండకూడదని బడిలో చెప్తి. అరవై ఏండ్లకు నేను నేర్చుకుంటాండా" అనేది.

డ్రైవింగు నేర్పింది గంగప్ప అన్న స్నేహితుడు మస్తాను, ఒకప్పుడు అక్క దగ్గర చదివినవాడే. నీళ్ళు లేని చెరువులో నేర్పాడు. మొదటిరోజు నేను గట్టు మీద కూర్చుని చూశాను. వ్యాను నాలుగడుగులు ఎగిరి ఆగేది.

"టీచరమ్మా, క్లచ్చు తొక్కమంటే చీమ చచ్చిపోతాదేమో అన్నట్టు తొక్కుతాండావే!"

"నువ్వు ఎనిమిదో తరగతిలో సైన్సు రాసింది ఇంతకంటే బాగుండెనా మస్తానూ? నేనేమన్నా అంటినా అప్పుడు?"

"అంటివి కదమ్మా, గోడకుర్చీ ఏపిస్తివి."

"అట్లయితే ఇప్పుడు తిట్టుకోప్పా, సరిపోతాది."

రెండోసారికి లైసెన్సు వచ్చింది. ఊళ్ళో ఒక పెద్దమనిషి బస్టాపులో అందరి ముందూ, "ఏం టీచరమ్మా, సర్కస్ కంపెనీ పెట్టినావా?" అన్నాడు. అక్క, "ఔనప్పా, జంతువులు దొరకలేదు. నువ్వొస్తావా?" అంది. ఆ తర్వాత ఆయన నవ్వడం మానేశాడు.

ఆరు నెలలకు కంప తీశారు. సున్నం కొట్టారు, శాంతి చేశారు. తమ్ముడు తాళం చెవి తెచ్చి చేతిలో పెట్టాడు. అక్క లోపలికి వెళ్ళి పాలు పొంగించింది, అందరికీ కాఫీ ఇచ్చింది, గిన్నెలు కడిగి బోర్లించింది. తర్వాత తాళం చెవి తమ్ముడికి తిరిగి ఇచ్చి వ్యాను ఎక్కింది. అతను ఏడ్చాడు. "ఇప్పుడేం అడ్డముందక్కా? ఊరు నన్ను తిడతాదే!"

"అడ్డమేం లేదురా. ఇంట్లో ఉంటే వచ్చేవాళ్ళ కోసం ఎదురు చూడాల. దీంట్లో అయితే నేనే పోవచ్చు."

ఎక్కడికి పోయేదో మొదట నాకు తెలియదు. ఒకసారి నన్నూ రమ్మంది. పామిడి దారిలో ఒక పల్లె. పది దినాల కిందట భర్త పోయిన కూలిమనిషి, ముప్పై ఏళ్ళది, ఇంటి వెనక పశువుల కొట్టం దగ్గర కూర్చుని ఉంది. అక్క వ్యాను ఆ కొట్టం పక్కకే తోలి, వెనక తలుపు తీసి, "రామ్మా, టీ తాగుదువు" అంది. ఆ మనిషి భయపడింది. "నేను ఒకరింట్లో కాలు పెట్టకూడదమ్మా."

"ఇది ఇల్లు కాదులే, ఎక్కు."

ఆమె వాళ్ళ అత్త వైపు చూసింది. వ్యానును ఏ పట్టింపు కింద చేర్చాలో ఆ ముసలామెకూ తోచలేదు. ఆ కూలిమనిషి ఎక్కి, మంచం చివర కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని ఏడ్చింది. అక్క ఓదార్చలేదు, నీతులు చెప్పలేదు. రెండో గ్లాసు పోసింది. మరుసటి వారం మళ్ళీ వెళ్ళింది. నాలుగేళ్ళలో అలా ఎన్ని పల్లెల్లో ఆగిందో నాకు తెలియదు, ఆమె చెప్పుకోలేదు. ఆ ఆడవాళ్ళలో ఒకామె ఇప్పుడు పామిడిలో కుట్టుమిషను పెట్టుకుంది. ఆమె అంగడి దగ్గర ఆగడానికే అక్క పోయిన సోమవారం అక్కడికి పోయింది.

నిరుడు మా అత్తకు పుట్టినూరు చూడాలని కోరిక పుట్టింది. బస్సులో కూర్చోలేదు. అక్క వచ్చి, ఆమెను మంచం మీద పడుకోబెట్టుకుని తీసుకుపోయింది. నేను పక్కన కూర్చున్నాను. సగం దారిలో మా అత్త తల ఎత్తి, "ఏమ్మే టీచరమ్మా, మీ ఇల్లు మూసినప్పుడు మా ఇంటికి రాకుండా ఈ డబ్బాలో చేరితివే. మా కోడలు పిలవలేదా?" అంది.

నేను కిటికీ వైపు తిరిగాను. అక్క రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"పిలిచిందవ్వా. రెండు మూడుసార్లు పిలిచింది. నేనే రాకపోతి."

"రాకపోతే చేయి పట్టుకొని ఈడ్చుకొని రావాల కదే సుజాతా!" అని మా అత్త నన్ను తిట్టింది.

"గుంత వస్తాంది, గట్టిగా పట్టుకోండి" అంది అక్క.

ఆమె ఎలాంటిదో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద సంగతి లేదు. అప్పటికి మూడేళ్ళుగా ఆమెకు నా అబద్ధం తెలుసో లేదో, ఆ పొద్దు తెలిసిందో, నేను అడగలేదు. చెప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె వచ్చినప్పుడల్లా వేరే మాటలు మాట్లాడాను.

సోమవారం మధ్యాహ్నం నేను పామిడిలో ఉండగానే తమ్ముడు అంబులెన్సుతో వచ్చాడు. దారిలోనే అయ్యవారికి ఫోన్ చేసి అడిగాడట, నక్షత్రం మంచిదేనట. పోయింది వ్యానులో కాబట్టి మూయవలసిన ఇల్లే ఈసారి లేదు. అయితే ఊరి పెద్దలు ఫోన్లో ఇంకొకటి అన్నారు. ఊరి బయట ప్రాణం పోయిన మనిషిని ఊళ్ళోకి తేరు, నేరుగా శ్మశానానికే పోవాలి. అతను తల వంచుకుని విన్నాడు.

మా ఇల్లు హైవే పక్కనే, ఊరికి ఇవతల ఉంది. "ఒక గంట మా ఇంట్లో పడుకోబెట్టండి. ఆమె దగ్గర చదివిన పిల్లలు వచ్చి చూసుకుంటారు" అన్నాను.

"వద్దమ్మా" అన్నాడు తమ్ముడు. "పరాయి ఇంట్లోకి శవాన్ని యాడన్నా తీసుకుపోతారా? మీ ఇంట్లో చిన్న పాప ఉండాది."

మా ఇంటి ముందు అంబులెన్సును రెండు నిమిషాలు ఆపారు. నేను గేటు తీశాను, తలుపు రెండు రెక్కలూ తీశాను. ఖాళీ గది తలుపు కూడా తీశాను. బయటికి వచ్చి, "లోపలికి రా అక్కా" అన్నాను. గట్టిగానే అన్నాను. డ్రైవరు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు పోనివ్వమని చెయ్యి ఊపాడు.

ఆమె లేని లోటు ఆ పల్లెల్లోని ఆడవాళ్ళకు నాకంటే బాగా తెలుస్తుంది. వారి తరఫున కూడా ఆమెకు దండం పెడుతున్నాను. నా మాట మాత్రం నాలుగేళ్ళు ఆలస్యమైంది. అది చెప్పవలసిన రోజున అక్క అదే గేటు బయట నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి కూడా ఉంది.