మా అమ్మాయి బడికి నేను చేసిన బేరం

మా నాన్నకు వరంగల్‌లో బట్టల దుకాణం ఉండేది. బేరం కుదరక లేచి వెళ్ళిపోయేవాళ్ళను ఎప్పుడు వెనక్కి పిలవాలో నాకు అక్షరాలకన్నా ముందే వచ్చింది. మెట్లు మెల్లగా దిగుతున్నారంటే కొంటారు. మూడో మెట్టు దాకా పిలవకూడదు. పెళ్ళయ్యాక నేనే కొనేదాన్నై మెట్లు దిగడం మొదలుపెట్టాను. వెనక్కి పిలిపించుకోకుండా కొన్న వస్తువు మా ఇంట్లో ఒక్కటీ లేదు.

ఇంత తెలివి ఉండి కూడా మా అమ్మాయికి బడి వెతకడంలో రెండుసార్లు బోల్తా పడ్డాను. దానికి తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది. మొదటిది నాలుగంతస్తుల పెద్ద బడి. అక్కడ గంట మోగితే చాలు, చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. ప్రత్యేక బడి చూసుకొమ్మన్నారు. చూసుకున్నాం. అక్కడ గంట లేదు, టీచర్లు బంగారం, హాయిగా ఉన్న పిల్లలూ ఉన్నారు. కానీ పెద్ద పెద్ద గుణకారాలు నోటితో చేసే మా పిల్లకు రోజూ ఆపిల్ పండు బొమ్మ ఇచ్చి రంగు వేయమనేవారు. నెలరోజులు వేసింది. తర్వాత “ఆపిల్లు అయిపోయినయ్” అని చెప్పి, బ్యాగు తగిలించుకుని గేటు దగ్గర కూర్చుంది.

మామూలు బడా, ప్రత్యేక బడా అని చుట్టాలను, డాక్టరును, చివరికి ఆటో అన్నను కూడా అడిగాను. అడిగిన బడులన్నీ కాదన్నాక మా వీధి వెనకాల చిన్న బడి ఒకటి మిగిలింది. అదీ పోతే అమ్మాయి ఇంట్లోనే.

పది షరతులు కాగితం మీద రాసుకున్నాను. కావలసినవి మూడే. మిగతా ఏడూ తగ్గించుకోవడానికి. గోడలకు లేత నీలం రంగు వేయించడం కూడా అందులో ఉంది. నోరు తెరవొద్దని మా ఆయనకు గట్టిగా చెప్పాను. అమ్మాయికి చెప్పడం మరిచాను.

హెడ్మిస్ట్రెస్ కాగితం చదివి కళ్ళద్దాలు తీసింది. “పది అంటే కష్టమమ్మా. మాది చిన్న బడి.”

నేను బ్యాగు భుజానికి వేసుకుని లేచాను. “సరే మేడం, ఇంకో స్కూల్ చూసుకుంటం.”

మెల్లగా తలుపు వైపు నడిచాను. ఒక అడుగు. రెండు. మూడు. ఎవరూ పిలవలేదు. నాలుగో అడుగు ఎలా వేయాలో మా నాన్న నేర్పలేదు.

“అమ్మా,” కుర్చీలోంచి కదలకుండానే అంది అమ్మాయి, “ఇంకో స్కూల్ లేదు గద. ఇదొక్కటే మిగిలిందని నిన్న నాన్నతోటి అన్నవు. పదిట్ల ఏడు ఉత్తగనే రాసిన అని గూడ అన్నవు.”

మా ఆయన ఫ్యానును చూస్తూ కూర్చున్నాడు. హెడ్మిస్ట్రెస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అమ్మాయి వైపు తిరిగింది.

“నీకేం గావాలె బిడ్డా?”

“గంట కొట్టేముందు నాకు చెప్పాలె. రోజూ అదే కుర్చీ ఉండాలె. లెక్కలు గట్టియి ఇయ్యాలె.”

నా మూడింటిలో గంటా, లెక్కలూ కలిశాయి. కుర్చీ సంగతి నాకు తెలియనే తెలియదు. ఏ బడి మంచిదని ఊరంతా అడిగాను, బడికి పోయేదాన్ని తప్ప.

“ఒక వారం చూద్దాం. నీకు నచ్చాలె, మాకు కుదరాలె,” అంది ఆమె.

“వారమంటే ఆరు రోజులా, ఏడా?”

“ఆరు. ఐతారం సెలవు.”

“సరే.”

బేరం అయిపోయింది. నేనింకా తలుపు దగ్గరే ఉన్నాను.

ఆ వారం గడిచింది. గంట కొట్టే ముందు ప్రతిసారీ బడి ఆయమ్మ తరగతి గుమ్మంలోకి వచ్చి వేలు చూపిస్తుందని, తాను చెవులు మూసుకుంటానని అమ్మాయి చెప్పింది. బల్ల కిందికి ఒక్కసారే వెళ్ళిందట, పెన్సిలు కోసం. అయినా సోమవారం పొద్దున మంచి చీర కట్టుకుని, వాళ్ళు వద్దంటే ఏమనాలో అద్దం ముందు మాటలు కూర్చుకుంటున్నాను. అమ్మాయి బూట్లు వేసుకుని వచ్చి నిలబడింది.

“నువ్వెందుకు వస్తానవ్?”

“మేడంతోటి మాట్లాడొద్దా? వారం అయిపోయింది గద.”

“శనివారమే మాట్లాడుకున్నం. ఉంటవా అన్నది. ఉంట అన్న. సరే అన్నది.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు అడగలే,” అని తలుపు తీసుకుని బడికి వెళ్ళిపోయింది.