మస్తాన్ సాహెబు విప్పిన పటం

మొన్న పుస్తకాలు కుట్టే కొట్టు ముందు నుంచి వెళుతుంటే, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా బంక వాసన తగిలింది. నరసరావుపేట బైండరు మస్తాన్ సాహెబు గుర్తొచ్చాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నడివీధిలో తల దించుకున్నాను.

ఎనభైల మొదట్లో నేను అక్కడి కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఉద్యోగం కొత్త, పేరు తెచ్చుకోవాలన్న తొందర ఎక్కువ. లైబ్రరీలో చివికిపోయిన లాటిన్ పుస్తకం ఒకటి ఉంటే బైండింగుకు ఆయనకిచ్చాను. వారానికి కబురు పెట్టాడు. అట్ట గట్టిగా ఉండటానికి ఎవరో ఎప్పుడో లోపల అతికించిన కాగితాన్ని, తడిగుడ్డతో అద్దుతూ రెండు రోజులు కూర్చుని విప్పాడట. గాజుపలక మీద పరిచి చూపించాడు. నాలుగు వందల ఏళ్ల కిందట ఐరోపాలో అచ్చయిన మన తూర్పు తీరం పటం. ఓడలు, మచిలీపట్నం, కృష్ణ సముద్రంలో కలిసే చోటు అన్నీ ఉన్నాయి. పల్నాడు ఉండాల్సిన చోట మాత్రం, ఏముందో తెలియక కాబోలు, ఏనుగు బొమ్మ వేశారు.

"మనూరు ఏనుగు కిందుందా సారూ?" అని నవ్వాడు. "చెయ్యి తగలంగానే ఇది మామూలు కాగితం కాదనిపిచ్చింది. చించబుద్ధి గాలా."

పాత కాగితాన్ని చదివేముందు వేళ్లతో తడిమి చూడాలని నాకు తెలిసింది ఆయన దగ్గరే. అయినా పత్రికకు రాసిన వ్యాసంలో 'నా పరిశోధనలో బయటపడిన పటం' అని రాసుకున్నాను. బైండరు పేరు చెబితే నా గొప్ప తగ్గుతుందనిపించింది.

అది అచ్చయిన రోజు పేపరు పట్టుకుని కాలేజీకొచ్చాడు. ఆయనకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు.

"మనం పేపర్లో పడ్డామంట గదా! కాస్త చదివి పెట్టండి సారూ."

చదివాను. మధ్యలో లేని వాక్యం కల్పించి, అందులో ఆయన పేరు చేర్చాను. ఆయన ముఖం వెలిగింది.

"ఆ ముక్క ఇంకోసారి, సారూ."

మళ్లీ చదివాను. ఈసారి మాటలు మారిపోయాయి. ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, పేపరు నెమ్మదిగా మడిచి తీసుకెళ్లాడు.

నెల తర్వాత పుస్తకం కోసం కొట్టుకు వెళ్లాను. పదో తరగతి చదివే ఆయన కూతురు ఆ పేపరు తెచ్చి నా ముందు పెట్టింది.

"సార్, ఇందులో మా నాన్న పేరేదీ? రెండుసార్లు చూశా, కనపళ్లా."

మస్తాన్ సాహెబు కుడుతున్న పుస్తకం మీంచి తలెత్తలేదు. "ఉందిలేమ్మా. సారు చదువుతుంటే నేను యిన్లా?"

ఆ పిల్ల నా వైపే చూస్తూ నిలబడింది. నేను పుస్తకం తీసుకుని వచ్చేశాను. ఆయన పోయేవరకూ మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు.

'లేదమ్మా, నేనే రాయలేదు.' ఎంత చిన్న మాట! ఆ రోజు నా గొంతు దాటలేదు. ఈనాటికీ అక్కడే ఉంది.