అక్క చెప్పిన ఎనిమిది దినాలు

నేను జీవితంలో చాలా వాదనలు గెలిచాను. వాటిలో ఒక్కటి ఓడిపోయి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. అది మా అక్కతో, ఆమె బత్తాయి తోటలో, మోటారు షెడ్డు నీడన కూర్చుని చేసిన వాదన.

అక్కది బేస్తవారిపేట అవతల ఒక మెట్ట ఊరు. మూడెకరాల తోట. బావ పోయాక ఆమే చూసుకుంటోంది. నేను మార్కాపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, అప్పుడప్పుడు పత్రికలకు రాస్తుంటాను. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని పొలమంతా తిరిగి, కాయ లేచిన చోట నీళ్ళున్నాయని చెప్పేవాళ్ళతో పాఠాలకన్నా ఎక్కువ కాలం పోట్లాడాను. వెలిగండ్ల నుంచి గిద్దలూరు దాకా ఊరూరూ తిరిగి, వాళ్ళ కళ్ళకు గంతలు కట్టి, అదే పొలంలో రెండోసారి నడవమన్నాను. మొదట ఆగిన చోట ఒక్కరూ మళ్ళీ ఆగలేదు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. మర్నాడు పోయి బోరు వేసుకునేవాళ్ళు. కాయ చెప్పిందని కాకపోతే నీళ్ళు చూసే మిషన్ చెప్పిందని, అదీ కాకపోతే పక్కవాడికి పడిందని. అక్క పొలంలోనే, పాత బావి అడుగంటాక వేసిన అట్లాంటి ఎండు బోర్లు మూడున్నాయి. ఒకదాని మీద బండ, ఒకదాని మీద విరిగిన రోలు, మూడోదాని మీద బావ పాత స్కూటర్ టైరు.

అందుకే ఆ పథకం వచ్చినప్పుడు నాకు ఇన్నాళ్ళకు ఒక తెలివైన మాట విన్నట్టనిపించింది. ఊళ్ళో నీళ్ళున్న బోర్లన్నీ ఒకే పైపుకు కలపాలి. ఉన్నవాళ్ళ నీళ్ళు లేనివాళ్ళకు వంతుల వారీగా పోవాలి. బదులుగా ఊరంతా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: పదేళ్ళు ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు. ఒక్కరు వేసినా ఊరు ఊరంతా పథకం నుంచి బయటికి. డబ్బు మన ఒక్క దేశానిది కాదు. మనదీ చుట్టుపక్కలవీ నాలుగు దేశాలు కలిసి, పొగ వదిలే పెద్ద దేశాల చేత ఒక నిధి పెట్టించుకున్నాయి. విడివిడిగా అడిగితే రానిది కలిసి అడిగితే వచ్చిందట. ఎండలు ముదురుతున్న మెట్ట ప్రాంతాలకు అందులోంచి దశలవారీగా ఇస్తారు. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉంటే తెలుగు చేసి పెట్టింది నేనే. పైసా తీసుకోలేదు. తీసుకుని ఉంటే కనీసం కూలికి చేశానని చెప్పుకునేవాణ్ణి.

అక్క సంతకం పెట్టనంది.

"మాది పైపు చివర పొలం. మొదటి దశలో పైపు మా దాకా రాదంటివి. రెండో దశ రాకపోతే?"

"వస్తుందక్కా. రాసుంది."

"రాసుంటే వస్తాదా? ఇంకో బోరు వేసుకునే దారన్నా ఉండనీరా నాకు."

"మూడు వేసినావు గదా. ఏం వచ్చింది?"

ఆమె బండ వైపు, రోలు వైపు చూసింది. నేను అంతటితో ఆపలేదు. గంటసేపు మాట్లాడాను. ఒకరి బోరు ఇంకొకరి బోరును ఎట్లా పీలుస్తుందో మట్టి మీద పుల్లతో గీసి చూపించాను. చివరికి ఆమె, "సరేలేరా, నీతో ఎవరు మాట్లాడతారు" అని సంతకం పెట్టింది. ఒప్పుకోవడం వేరు, విసిగిపోవడం వేరు. వాదించి గెలిచేవాళ్ళకు ఆ తేడా కనపడదు.

మొదటి దశ బాగానే జరిగింది. పైపు ఊరి నడుమ దాకా వచ్చింది. చివరి పొలాలకు తాత్కాలికంగా రబ్బరు ట్యూబు వేసి, నాలుగు రోజులకొక వంతు ఇచ్చారు. చాలీ చాలని నీళ్ళే, కానీ చెట్లు నిలబడ్డాయి. రెండో దశ ఇచ్చే ముందు నాలుగు దేశాల నుంచి రైతులూ అధికారులూ ఒకరి ఊళ్ళు ఒకరు చూసి రాయాలన్నది నియమం. మా వంతు ఎండాకాలంలో వచ్చింది.

పథకం నడపడానికి ఊళ్ళో పెట్టిన నీటి సంఘానికి పెద్దగా ఉన్నతను అక్కకు కొడుకు వరస. మంచివాడు. మా ప్రాంతంలో బడికి ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే గోడలకు సున్నం కొట్టి, సరిగా చదవలేని పిల్లలను ఆ పూటకు ఇంటికి పంపడం అందరికీ అలవాటైన పద్ధతి. అతను ఈ రాకనూ అట్లాగే చూశాడు. రోడ్డు పక్కన ఉన్న నీటికుంట అంచుల దాకా నింపాలన్నాడు. దానికోసం చివరి పొలాలకు రెండు వంతులు ఆపేశాడు.

"దేశంగాని దేశం నుంచి మనుషులొస్తాండ్రు మామా. ఎండిన కుంట చూపిస్తే మనకేం మర్యాద? ఇచ్చిన డబ్బంతా ఏం చేసినారని అడగరా?"

నాకది సబబుగానే తోచింది. ఇక్కడే నా తప్పు మొదలు. నేను తెలుగు చేసిన కాగితంలో రెండు మాటలున్నాయి. మొదటి దశ ఫలించిందని చూపాలి. రెండో దశ అవసరమనీ చూపాలి. మేం మొదటిదాని కోసమే కష్టపడ్డాం. రెండోది ఎవరికీ గుర్తు లేదు. అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనూ నోరెత్తలేదు. వాళ్ళు వచ్చే ముందు సాయంత్రం అక్క తోటలో రోడ్డు వైపు వరసకు మాత్రం ట్యాంకరుతో నీళ్ళు పట్టించారు.

వచ్చినవాళ్ళలో శ్రీలంక రైతు ఒకాయన ఉన్నాడు. వాళ్ళ దేశంలోనూ మాలాంటి మెట్ట ఉందట. ఇంగ్లీషు వచ్చు. మిగతావాళ్ళు కుంట దగ్గర ఫోటోలు తీసుకుని, అక్క తోటలో తడి వరస చూసి తలలూపుతుంటే, ఆయన మాత్రం లోపలికి నడిచాడు. ఐదో వరసలో చెప్పులు విడిచి, ఒక చెట్టు మొదట్లో వేలు గుచ్చి మట్టి తీశాడు. ఒక ఆకు తుంచి మడిచాడు. అది ఫట్‌మని విరిగింది.

ఆయన అక్క వైపు చూస్తూ నన్నడిగాడు: ఈ చెట్టుకు ఆఖరిసారి ఎప్పుడు నీళ్ళు పెట్టారు?

నేను తెలుగులో అడిగాను.

"ఎనిమిది దినాలాయెనన్నా" అంది అక్క, నాతో కాదు, ఆయనతోనే. ఆయనకు తెలుగు రాదన్న సంగతి ఆమెకు పట్టలేదు. చెట్టు సంగతి అడిగినవాడు అన్నే.

వెనక సంఘం పెద్ద నిలబడి ఉన్నాడు. అతని వెనక నియమాల ఫైలు పట్టుకున్న అధికారి. వంతులు ఎగ్గొట్టారంటే సంఘమే దండగని రాస్తారేమో అనుకున్నాను. అంతకన్నా ఎక్కువ ఆలోచించానని చెప్పను. నేను ఇంగ్లీషులో, "మొన్ననే పెట్టారట" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. చేతిలో మట్టి చూశాడు. చెయ్యి దులుపుకుని ఏదో రాసుకున్నాడు. పోయేటప్పుడు నా ఫోన్ నంబరు తీసుకున్నాడు.

ఇన్నేళ్ళుగా ఊరూరా నేను జనాన్ని అడిగింది ఒక్కటే. మీరు చూసింది చూసినట్టు చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. బడి ముఖం ఎరగని మా అక్క ఆ రోజు సరిగ్గా ఆ పనే చేసింది.

వానలు ఆలస్యమైన నెలలో నిర్ణయం వచ్చింది. చదివింది నేనే. సంఘం బాగా నడుస్తోంది, పైపు చివరి పొలాల్లో కూడా నీటి కొరత కనిపించలేదు, కాబట్టి రెండో దశ నిధులు అవసరం ఎక్కువున్న ఇంకో దేశపు మెట్టకు మళ్ళిస్తున్నారు. అది శ్రీలంకే. పదేళ్ళ ఒప్పందం యథాతథం.

కోపం వచ్చింది. ఎవరి మీద అని చూసుకుంటే నిలవలేదు. ఉన్న డబ్బు ఎక్కువ ఎండినవాళ్ళకు పోవాలన్న సూత్రాన్ని నేను సభల్లో సమర్థించినవాణ్ణి. కోపం నిలిచే చోటు ఒకటుంది. ఈ వేడిని పుట్టించినవాళ్ళు మేం కాదు. మా ఊరి పొగంతా పొయ్యిల పొగ. పుట్టించినవాళ్ళు ఇచ్చే కొంచెం కోసం దప్పికను రుజువు చేసుకోవాల్సింది మాత్రం మేం. దప్పికగా ఉండాలి, చక్కగా నిర్వహించుకుంటున్నట్టూ ఉండాలి. ఈ రెండు వేషాలు ఒకేసారి వెయ్యమనేవాణ్ణి నేను వంద ప్రశ్నలు అడగగలను. అడిగితే అక్క చెట్టుకు చెంబెడు నీళ్ళు రావు. పైగా అబద్ధం చెప్పినవాడు అడిగే ప్రశ్నకు విలువేముంది?

ఆ నెలలోనే నీళ్ళిచ్చే బోర్లలో రెండు గాలి తోడటం మొదలుపెట్టాయి. చివరి పొలాల వంతు నాలుగు రోజుల నుంచి ఎనిమిదికి మారింది. నేను దాచిన ఎనిమిది రోజులు ఇప్పుడు సంఘం బోర్డు మీద సుద్దతో రాసి ఉన్నాయి.

నేను నిధి వాళ్ళకు ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు. పంపే ముందు సంఘం పెద్దకు చూపించాను. అతను మెల్లగా చదివి మడిచి నాకిచ్చాడు.

"పంపు మామా. నువ్వు నిజం మనిషివి. వాళ్ళు వచ్చి, మోసం చేసినారని మొదటి దశ డబ్బు వెనక్కి కట్టమంటారు. పైపులు పీక్కపోతారు. అప్పుడు పెద్దమ్మకు ఎనిమిది దినాలకు కూడా రావు. నువ్వు మార్కాపురం బస్సెక్కుతావు. ఆమె ఈడ ఉండాల."

"కుంట నింపమన్నది నువ్వు గదా."

"నేనే. మొన్ననే అన్నది నువ్వు."

ఉత్తరం తీసుకుని తోటకు పోయాను. అక్క బకెట్లో సున్నం కలిపి, పాత గుడ్డతో చెట్ల మొదళ్ళకు పూస్తోంది. అన్నిటికీ కాదు. ఒకదానికి పూసి రెండు వదిలేస్తోంది, కొన్నిచోట్ల రెండింటికి పూసి ఒకటి.

"ఏందక్కా ఇది?"

"పూసినవి ఉండేవి. తక్కినవి పోయేవి. వంతు నీళ్ళు అన్నిటికీ పంచితే అన్నీ పోతాయి."

నేను పక్కన నడుస్తూ ఉత్తరం చదివాను. ఆమె పని ఆపకుండా విన్నది. ఆయన అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు వచ్చినప్పుడు మాత్రం గుడ్డ బకెట్లో వేసి నిలబడింది. అప్పటిదాకా ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

"నేను ఎనిమిదంటి గదరా."

"అన్నావు."

"నువ్వు మొన్నని చెప్పినావు."

"చెప్పినా."

వంగి బకెట్లోంచి గుడ్డ తీసి పిండింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు.

"కొబ్బరికాయాయన మేలు గదరా," అంది చివరికి. "ఆయన కాయ ఏం చెప్తే అదే చెప్పినాడు."

ఉత్తరం పంపవద్దంది. సంఘం పెద్ద చెప్పిన కారణాలే తక్కువ మాటల్లో చెప్పింది. అయితే నేను కనీసం ఆ శ్రీలంక ఆయనకు చెప్తానన్నాను. చెప్పుకో, దానికి పైపులు పీకరు గదా అంది. అక్కడే నిలబడి ఫోన్లో రాశాను: ఆ రోజు మా అక్క ఎనిమిది రోజులని చెప్పింది, నేను తప్పు చెప్పాను, క్షమించండి.

జవాబు రెండు రోజుల తర్వాత వచ్చింది. మట్టి పట్టుకున్నప్పుడే తెలిసిందని రాశాడు. మీరు పక్కకు చూశారని కూడా రాశాడు. నిజం రాస్తే డబ్బు మీకు వచ్చేది, రాయకపోతే జాబితాలో తర్వాత ఉన్నది మా ఊరు, నాకు కూడా చెట్లున్నాయి అన్నాడు. మీ అక్కకు ఏం చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు రాయలేదన్నాడు. కింద ఒక ఫోటో పెట్టాడు. కొత్త పైపు, పక్కన ఒక ముసలామె.

వచ్చే వంతు రోజు తోటకు పోయి అది అక్కకు చదివి చెప్పాను. ఫోటో చూపించాను. అక్క ఫోన్ దగ్గరికి పెట్టుకుని ముసలామెను చాలాసేపు చూసింది.

"ఆయనకు తెలిసింది. నీకు తెలిసింది. నాకు తెలుసు. ముగ్గురికీ తెలిసి కూడా కాగితం మీదికి రాలేదు సూడు" అంది. ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వు పుస్తకాలకు రాస్తావు గదా, అందులో రాయి. ఊరి పేరు రాయొద్దు. ఎవరి పేరూ రాయొద్దు. ఎనిమిది దినాలని మాత్రం రాయి" అంది.

రాశాను.

అప్పటికి ట్యూబులో నీళ్ళు వచ్చాయి. నేను ట్యూబు పట్టుకుంటే అక్క ముందు నడుస్తూ వేలు చూపించింది. తెల్ల మొదలు ఉన్నదానికి పెట్టడం, లేనిదాన్ని దాటడం. ఏడో వరసలో సున్నం లేని చెట్టొకటి కొత్త ఆకు వేసి ఉంది. నా చెయ్యి ఆగింది. నీళ్ళు దాని పాదులోకి జారాయి.

అక్క వెనక్కి వచ్చి ట్యూబు నా చేతిలోంచి తీసుకుని, పక్క చెట్టు మొదట్లో పెట్టింది.